కిటికీకి కొట్టిన మేకులు

లాండ్రీలో ఆయన్ని అందరూ జేబులాయన అంటారు. ఇస్త్రీ బల్ల మీదికి ఏ బట్ట వచ్చినా ముందు దాని జేబులు తిరగేసి చూస్తేగాని ఆయన పెట్టె ఎత్తడు. ఒకసారి ఎవరి చొక్కా జేబులోనో పెన్ను ఉండిపోయి, వేడికి కక్కేసి, పక్కనున్న తెల్లబట్టలన్నీ నీలం చేసింది. యజమాని తిట్టిన తిట్లు ఆయనకి ఇప్పటికీ వరసగా గుర్తే. ఆనాటినుంచి బట్టల్నీ నమ్మడు, వాటిని తొడుక్కునేవాళ్ళనీ నమ్మడు.

"మొహం చూస్తే ఏం తెలుస్తుంది, జేబు చూస్తే తెలుస్తుంది మనిషి" అంటాడు. అనుమానం పెనుభూతమని పెద్దలు చెప్పారు. ఆ భూతానికి మన జేబులాయన అద్దె లేకుండా గది ఇచ్చి, పడక కూడా వేశాడు.

మరీ ఆయన్ననడమూ తప్పే. పరాయి దేశం వచ్చినప్పటినుంచీ ఆయన బతికిన గది అలాంటిది. అరడజను మంది, ఒకరి మీద ఒకరుగా ఇనప మంచాలు, అందరికీ కలిపి ఒక్క స్నానాలగది. నూనె సీసా మీద ఎవరికి వాళ్ళు గీత పెట్టుకునేవాళ్ళు, రాత్రికి రాత్రే ఆ గీత కిందికి నూనె దిగిపోయేది. ఎవరినడిగినా దేవుడి మీద ఒట్టేసేవాళ్ళే. ఆయన పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని పడుకునేవాడు. అక్కడ అనుమానం లేనివాడికి ఒంటిసబ్బు కూడా దక్కదు.

అలా ఏళ్ళు గడిచాక, పెళ్ళాన్నీ కూతుర్నీ తెచ్చుకోవడానికి అనుమతి వచ్చింది. కూతురికి బడి వయసు. పుట్టినప్పటినుంచీ దానికి ఆయాసం. ఏ కాస్త పడకపోయినా పిల్ల గుండెలు ఎగరేస్తూ కూర్చుంటుంది, తల్లి రాత్రంతా వీపు నిమురుతూ కూర్చుంటుంది. ఇదంతా ఆయన ఫోన్లో చూసినవాడే తప్ప, ఆ వీపు ఒక్కసారీ నిమిరినవాడు కాదు. ఇప్పుడు వాళ్ళొస్తున్నారు. ఇనప మంచాల గదిలోకి తీసుకెళ్ళలేడు. ఇల్లు కావాలి, అదీ వెంటనే కావాలి.

ఇల్లు వెతికి పెట్టినవాడు బావ. వరసకు బావ, పనికి లాండ్రీ వ్యాను డ్రైవరు. మాసిన బట్టలు తెచ్చి ఉతికినవి ఇచ్చి రావడంలో ఊళ్ళో దూరని సందు లేదు కనక ఏ ఇల్లు ఖాళీ అయినా ముందు ఆయనకే తెలుస్తుంది. ఇంటితోపాటు ఒక సలహా కూడా తెచ్చాడు. సలహాలకి బావ దగ్గర ఎప్పుడూ కరువు లేదు.

"బామ్మర్దీ, పిల్ల ఉందని మాత్రం చెప్పకు. పిల్లలనగానే వీళ్ళకి గోడల మీద గీతలూ, నెత్తి మీద గంతులూ గుర్తొస్తాయి. నాకు మూడిళ్ళు అలాగే పోయాయి."

"తీరా వాళ్ళొచ్చాక?"

"వచ్చాక పసిపిల్లని పట్టుకుని పొమ్మంటుందా? ముందు నువ్వు దూరు. తంటా తర్వాత చూసుకుందాం."

ఇల్లుగలావిడ ఒంటరి మనిషి, పెద్దవయసు, కింది వాటాలో ఉంటుంది. మెత్తటి గుడ్డ చెప్పులు తొడుక్కుని ఇల్లంతా తిరుగుతుంది. ఆవిడ మన పక్కకి వచ్చేదాకా వచ్చినట్టు తెలీదు. పిల్లి అడుగుల మనిషిని ఎవరు నమ్ముతారు? జేబులాయనకి మొదట నచ్చనిది ఆ చెప్పులే.

"ఎంతమంది ఉంటారు?" అని అడిగింది ఆవిడ. ఆ దేశపు మాట ఆయనకి పని గడిచేంత వచ్చు.

"ఒక్కణ్ణే."

"భార్య, పిల్లలు?"

వెనకాల బావ చిన్నగా దగ్గాడు.

"ఎవరూ లేరండీ" అన్నాడు జేబులాయన. తడుముకోకుండా అనేశాడు. ఆ భాషలో అంత శుద్ధంగా ఆయన అంతకుముందు ఒక్క వాక్యమూ పలకలేదు.

ఆవిడ ఒక తాళంచెవి ఆయన చేతికిచ్చింది. దానికి జోడు తాళంచెవి తన ముందుగదిలో గోడకున్న మేకుకి తగిలించుకుంది. జేబులాయన ఇంటిని సరిగా చూశాడో లేదో గాని, ఆ మేకుని మాత్రం బాగా చూసుకున్నాడు.

పై వాటా అంటే ఒక గది, ఇద్దరు పట్టని వంటిల్లు, స్నానాలగది. గదికి వీధివైపు కిటికీ. మూడు గోడలు వెలిసిపోయి ఉన్నాయి, నాలుగో గోడకి మాత్రం కొత్త రంగు. అదే ఆయనకి మింగుడు పడలేదు. వేస్తే నాలుగింటికీ వెయ్యాలి, లేకపోతే మానెయ్యాలి. ఒక్క గోడకే ఎందుకు వేసింది, దేన్ని కప్పిపెట్టింది? ఆ గోడ మొహం చూడటం ఇష్టం లేక బట్టల బీరువా దానికే ఆనించాడు.

చలి దేశం. బయట గాలి చెవుల్ని కోస్తుంది. ఈ గాలి పిల్ల గుండెలకి తగిలితే ఇంకేమైనా ఉందా? అందుకని కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కి, పైన లాండ్రీలో పార్సిళ్ళకి అంటించే టేపు అంటించాడు. ఉతుక్కున్న బట్టలు గదిలోనే దండేలకి ఆరేసేవాడు, అన్నం తలుపులు మూసుకునే వండుకునేవాడు. పొద్దున్నే లేచేసరికి అద్దాల మీద నీళ్ళు ధారలు కట్టి ఉండేవి. తువ్వాలుతో తుడిచేసి, ఇది ఈ దేశం అద్దాల గుణం కాబోలు అనుకుని పనికి పోయేవాడు.

పనిలో చూస్తే వేరే మనిషి. ఇస్త్రీ గదిలో ఆవిరి పోయే కిటికీ ఎవడైనా చలికి మూశాడా, కస్సుమని లేచేవాడు. "బట్టలకి ముక్కవాసన పట్టిస్తారా ఏంటి? తియ్యండి ముందు" అని గదమాయించేవాడు. ఆ తెలివి లాండ్రీ గుమ్మం దాటి ఇంటిదాకా వచ్చేది కాదు.

కూతురికని చిన్న మడత మంచం, దానికి సరిపడే పరుపు కొన్నాడు. ఇల్లుగలావిడ బజారుకి వెళ్ళిన వేళ చూసి, వాటిని లాండ్రీ దుప్పట్ల కింద దాచి, బావా తనూ చెరో కొస పట్టుకుని పైకి చేరవేశారు. దొంగసొమ్ము మోసినట్టే మోశారు. బీరువాకీ ఆ రంగు గోడకీ మధ్య వాటిని ఇరికించి, పైనుంచి ఒక దుప్పటి జార్చాడు. వాళ్ళొచ్చే రోజు దాకా అది అక్కడే ఉండాలి.

ఆ తర్వాత మొదలైంది. ఒక సాయంత్రం వచ్చి చూస్తే కిటికీ మూల టేపు వేలాడుతోంది. ఇంకొకరైతే జిగురు ఊడిందనుకుంటారు. ఆయన అనుకోలేదు. మళ్ళీ అంటించాడు. మర్నాడు మళ్ళీ ఊడింది. అప్పుడు తన విద్య బయటికి తీశాడు. కిటికీ తెరని దించి, గంజి పెట్టి, కత్తిలాంటి కుచ్చిళ్ళు వచ్చేలా ఇస్త్రీ చేసి మళ్ళీ వేలాడదీశాడు. దాన్ని ముట్టుకున్న చెయ్యి ఎంత జాగ్రత్తగా సర్దినా, ఇస్త్రీవాడి కుచ్చి మళ్ళీ అలా పడదు. సాయంత్రం వచ్చి చూసుకున్నాడు. కుచ్చిళ్ళు నలిగి ఉన్నాయి.

అంటే ఎవరో వస్తున్నారు, తెర తీస్తున్నారు, కిటికీ తెరుస్తున్నారు. ఎవరో ఏంటి, మేకుకి తాళంచెవి తగిలించుకున్నది ఒక్కరేగా. ఇక్కడిదాకా ఆయన లెక్క అక్షరాలా నిజం.

"నేను లేనప్పుడు గది వెతుకుతోంది బావా. పిల్ల మంచం కంటపడితే మన పని అయిపోయినట్టే."

"అంత బాధ ఎందుకు, ఎందుకొస్తున్నారని అడిగెయ్యరాదూ?"

"ఏ మొహం పెట్టుకుని అడగను? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది."

"మరి నోరు మూసుకో" అని బావ వ్యాను స్టార్టు చేసుకున్నాడు. గోతిలోకి దింపిన సలహా తనదేనన్న సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

రెండు రోజుల తర్వాత మెట్ల దగ్గర ఇల్లుగలావిడే ఎదురైంది.

"కిటికీ తెరుస్తున్నారా? ఆ గోడకి చెమ్మ పడదు. రోజూ కాసేపైనా గాలి రానివ్వాలి" అంది.

"అలాగేనండీ."

"సాయంత్రాలు మీ గదిలోంచి చిన్నపిల్ల గొంతు వినిపిస్తోంది."

అది ఫోన్లో కూతురి గొంతు. పనినుంచి రాగానే ఫోన్ బల్ల మీద పెట్టి, పిల్ల కబుర్లు వింటూ వండుకుంటాడు.

"టీవీ అండీ."

"మీకు టీవీ లేదు కదా" అంది ఆవిడ. అని, ఆయన మొహంలోకి అలా చూస్తూ నిలబడింది.

జేబులాయన ఆలోచిస్తూ మెట్లెక్కాడు. టీవీ లేదని ఆవిడకెలా తెలుసు? వచ్చి చూస్తేనేగా తెలిసేది. ఇక గాలి, చెమ్మ అంటారా, అదంతా ముందుగా చెప్పిపెట్టుకున్న సాకు. రేపు పట్టుబడితే గాలికోసం వచ్చానంటుంది. ఎంత తెలివి, ఎంత తెలివి అనుకుంటూ సుత్తి వెతికాడు. ఆవిడ బయటికి వెళ్ళిన అలికిడి విని, కిటికీ చట్రానికి నాలుగు వైపులా మేకులు దిగ్గొట్టాడు. ఇక రమ్మను, ఎలా తెరుస్తుందో చూస్తాను అనుకున్నాడు. ఆ పూట ఆయనకి అన్నం సహించింది.

"ఇల్లు బాగుందాండీ?" అని ఫోన్లో అడిగింది ఇల్లాలు.

"ఇల్లు బాగుంది. ఇల్లుగలావిడే బాలేదు."

"మేమొస్తున్నామని ఆవిడతో చెప్పారుగా?"

"ఆ, చెప్పాను" అన్నాడు. అబద్ధానికి తోడు ఇంకో అబద్ధం కావాలి మరి, ఒంటరిగా ఉండలేదు.

వాళ్ళొచ్చే ముందటి సెలవురోజున, మంచం వేసి చూసుకుందామని బావని పిలిచాడు. ఇద్దరూ కలిసి బీరువా జరిపారు. మంచం ఉంది, పరుపు లేదు.

జేబులాయన మొహం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ మనసులో కుక్కుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నింది. బావ "ఆగు, ఆగు" అంటున్నా వినకుండా ధనధనా మెట్లు దిగి కింది తలుపు బాదాడు. ఆవిడ తలుపు తీసింది.

"నా పాప పరుపు మీరు తీశారు. దొంగతనం అది. నా పాప పరుపు ఇవ్వండి."

వెనక బావ నుదురు కొట్టుకున్నాడు.

"ఏ పాప?" అంది ఆవిడ నెమ్మదిగా.

అప్పుడు గాని తన నోటినుంచి ఏం జారిందో జేబులాయనకి తట్టలేదు. ఇల్లుగలావిడ పక్కకి జరిగి లోపలికి చూపించింది. వెచ్చగా కాగుతున్న హీటరు ముందు కుర్చీకి ఆనించి ఉంది పరుపు. పైగుడ్డ ఉతికి పక్కనే ఆరేసి ఉంది. పరుపుకి ఒకవైపు, తల పెట్టుకునే చోట, అరచేతులంత నల్లటి బూజు మచ్చలు. సగం రుద్దితే పోయాయి, సగం పోలేదు. బకెట్టూ బ్రష్షూ ఇంకా అక్కడే ఉన్నాయి.

"మీకంటే ముందున్నాయన కూడా ఇలాగే మూసుకుని ఉన్నాడు. ఆ గోడంతా నల్లబడింది. గీకించి రంగు వేయించాను" అంది ఆవిడ.

ఆవిడ ఒక్కొక్క వేలూ మడుస్తూ చెప్పింది.

"ఎవరూ లేరన్నారు. పిల్లల మంచం దాచారు. పిల్ల గొంతు వినిపిస్తే టీవీ అన్నారు. కిటికీకి మేకులు కొట్టారు. మీరైతే ఏమనుకుంటారు? పిల్లనెవరినైనా తెచ్చి దాచారేమోనని భయపడి, మీరు పనికి వెళ్ళగానే రోజూ పైకొచ్చి వెతికాను. మేకులు పడేదాకా, వచ్చినప్పుడల్లా ఊపిరాడక కిటికీ తెరిచాను. పోలీసుల దగ్గరికి వెళ్దామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళాను."

"మరి పరుపు?" అన్నాడు బావ.

"చెయ్యి పెడితే తడిగా తగిలింది. ఎవరి పిల్లయితేనేం, పడుకునేది పిల్లేగా."

జేబులాయన ఆ మచ్చలకేసే చూస్తున్నాడు. సరిగ్గా పిల్ల ముక్కు ఆనే చోటు. రెండు రోజుల్లో తన చేత్తోనే దాన్ని అక్కడ పడుకోబెట్టేవాడు. చలి తగలకూడదని ఇంకో దుప్పటి కప్పి, కిటికీ బిగించి, తలుపేసి మరీ పడుకోబెట్టేవాడు. సిగ్గుకంటే భయమే ఎక్కువ వేసింది. గబగబా ఫోన్ తీసి భార్యా కూతుళ్ళ ఫోటో చూపించాడు.

ఆవిడ ఒక్కసారి చూసి ఫోన్ వెనక్కిచ్చేసింది. "ఫోటోలు ఎవరైనా చూపిస్తారు. మనుషుల్ని తీసుకురండి. ఇల్లు ఉంచాలా వద్దా అన్నది మీ ఆవిడతో మాట్లాడతాను. మీతో కాదు."

మెట్లెక్కుతూ బావ అన్నాడు: "ఉన్న కూతుర్ని లేదన్నావు, లేని దొంగని ఉందన్నావు. లాండ్రీలో కిటికీ మూస్తే మా మీద పడి కరుస్తావు కదరా, ఇంట్లో ఆవిరి ఆవిరి కాదా?"

"లేదనమన్నది నువ్వేగా."

"నేనన్నాను సరే. మేకులు కొట్టమన్నానా?"

ఆ పూటే మేకులు పీకాడు. గోడ రుద్దాడు. దండేలు విప్పేశాడు. కిటికీ బార్లా తీసి, శాలువా కప్పుకుని వణుకుతూ కూర్చున్నాడు. వాళ్ళకిప్పుడు చెబితే బయల్దేరే కాళ్ళు ఆగిపోతాయేమోనని ఇల్లాలికి చెప్పలేదు. వచ్చాక ఇల్లుగలావిడ పొమ్మంటే పెట్టెలతో ఎక్కడికి పోవాలో తోచలేదు. ఇనప మంచాల గది తప్ప ఆయనకి ఇంకో గది తెలీదు.

వాళ్ళు మధ్యాహ్నం వేళ దిగారు. పెట్టెలు వ్యానులోంచి దింపుతుండగానే ఇల్లుగలావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చప్పుడు కాలేదు, మామూలే. పిల్లని ఎగాదిగా చూసింది. తల్లిని చూసింది. తర్వాత బావతో ఏదో అంది.

"ఈయన నీకేమవుతాడని అడుగుతోంది చెల్లెమ్మా."

"ఇదేం ప్రశ్న అన్నయ్యగారూ? మావారు. కాకపోతే ఇంతదూరం ఎవరికోసం వస్తాను?"

బావ అది చెప్పాడు. ఆవిడ మళ్ళీ అంది. ఈసారి బావ పెట్టె దింపే వంకతో వ్యాను వైపు తిరిగాడు.

"ఏమంటోంది?"

"ఏం లేదమ్మా, ప్రయాణం బాగా జరిగిందా అంటోంది."

"ఆ మాటకి ఈయన మొహం అలా మాడదు. అన్నది అన్నట్టు చెప్పండి."

"నాకు భార్యా లేదు, పిల్లలూ లేరు, ఎవరూ లేరు అని చెప్పాడట. అది తను నమ్మాలా, నిన్ను నమ్మాలా అంటోంది."

ఇల్లాలు పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎంతసేపో మొగుడికేసి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని, కింద పడనివ్వలేదు.

"ఎవరూ లేరన్నారా?"

"ఇల్లివ్వదేమోనని..."

"అనేటప్పుడు నోరు తడబడిందా?"

జేబులాయన దానికీ ఒక అబద్ధం ఆడి ఉండవచ్చు. బావ అయితే ఆడేవాడు. ఆయనకి ఆ రోజు తన గొంతు ఎంత నున్నగా పలికిందో గుర్తొచ్చింది.

"లేదు" అన్నాడు.

"అయితే ఇప్పుడు చెప్పండి. ఆవిడకి ఆవిడ మాటలోనే చెప్పండి. అన్నయ్యగారు కాదు, మీరు. నేను విని తీరాలి."

ఆయన ఇల్లుగలావిడ వైపు తిరిగాడు. వచ్చిన భాష కూడా రాకుండా పోయింది. ఈమె నా భార్య అనడానికి మూడుసార్లు మొదలుపెట్టాడు. ఇది నా కూతురు అన్నాడు. నాకు వీళ్ళున్నారు అనే దగ్గర మాట పూర్తిగా అడ్డంపడి, చేతులతో చూపించాడు.

ఇల్లుగలావిడ చివరిదాకా విని లోపలికి వెళ్ళింది. మేకు మీదున్న తాళంచెవి తీసుకొచ్చి ఇల్లాలి చేతిలో పెట్టింది. కిటికీ తెరిచే పని నీది, ఈయనకి వదలకు అని బావతో చెప్పించింది. ఇల్లాలు తలూపి, మొగుడి ముందు రెండో చెయ్యి చాపింది.

"మీ దగ్గరున్నది కూడా ఇవ్వండి."

ఆయన జేబులోంచి తీసి ఇచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం పనినుంచి వచ్చి, అలవాటు చొప్పున తలుపు ముందు నిలబడి జేబులో చెయ్యి పెట్టాడు. ఏమీ తగల్లేదు. రెండో జేబూ తడిమాడు. తర్వాత గుర్తొచ్చి చెయ్యి తీశాడు. ఈ దేశం వచ్చాక తన తలుపు తను తట్టడం ఎన్నడూ లేదు. ఎలా తట్టాలో తెలీనట్టు, వేలి కణుపుతో మెల్లగా తట్టాడు. లోపల చిన్న కాళ్ళు పరుగెత్తుకొచ్చి తలుపు దగ్గర ఆగాయి.

"ఎవరూ?" అంది పిల్ల.

"నేనే."

"నేనంటే ఎవరు? ఎవరో చెప్పకపోతే తియ్యద్దంది అమ్మ."

"మీ నాన్ననమ్మా" అన్నాడు జేబులాయన. గడియ తీసేదాకా అక్కడే నిలబడ్డాడు.